రాజా రవివర్మ

తెలుగునాట అనేక గృహములలో పూజామందిరపు గోడమీద ఒక లక్ష్మీదేవి పటము కనిపించును. దేవి నీటి నడుమ వికసించిన తామరపూవుపై నిలిచియుండును. పైచేతులు రెండింటను పద్మములు, ఒక ప్రక్క తొండముతో పూలదండ నెత్తిపట్టిన ఏనుగు, నీటిపై హంసలు. ఆ పటము వెల యెక్కువది కాదు. తీర్థమునకో సంతకో పోయినపుడు కొని తెచ్చి, చట్రము కట్టించి, తగిలించినదై యుండును. దానిని నిత్యము చూచుచు పెరిగిన బాలుడు లక్ష్మీదేవి అనాదినుండియు ఇట్లే యున్నదని తలంచును. కాని ఆ ముఖము, ఆ చీరకట్టు, ఆ నిలుకడ ఒక చిత్రకారుని చేతిలో రూపొందినవి. ఆయన జీవించిన కాలము మనకు అంత దూరమైనది కూడ కాదు. ఆయనయే రాజా రవివర్మ.

రవివర్మ 1848వ సంవత్సరము ఏప్రిల్ 29వ తేదీన తిరువాన్కూరు సంస్థానమునందలి కిళిమానూరున జన్మించెను. ఆ ప్రాంతము ఇప్పుడు కేరళ రాష్ట్రమున చేరియున్నది. తండ్రి నీలకంఠన్ భట్టతిరిపాద్ సంస్కృత పండితుడు. తల్లి ఉమాంబ కవిత్వము చెప్పగల విదుషీమణి. ఆమె రచించిన పార్వతీ స్వయంవరమును ఆమె మరణానంతరము రవివర్మ స్వయముగా అచ్చు వేయించెను. రావణ విజయమను కథకళి ప్రబంధమును వ్రాసిన విద్వాన్ కోయితంపురాన్ కూడ ఆ వంశమువాడే. అట్టి ఇంట పుట్టిన బాలునకు పురాణకథలు పుస్తకములలోని పాఠములుగాక, పాటగాను, ఆటగాను, రంగుల వేషములుగాను పరిచయమయ్యెను. దేవతలును రాక్షసులును దీపపు వెలుగులో కన్నులు త్రిప్పుచు, చేతి ముద్రలతో మాటలాడుచు ఆడుచుండగా చూచినవానికి, తరువాతి కాలమున వారిని బొమ్మలలో నిలుపవలెనను కోరిక కలుగుటలో వింత లేదు.

ఆ బాలుడు ఇంటి గోడలనిండ బొగ్గుతో జంతువుల బొమ్మలను, నిత్యజీవితములోని దృశ్యములను గీయుచుండెను. సేవకులు విసుగుకొనిరి. మేనమామయగు రాజరాజవర్మ మాత్రము ఆ గీతలను పరిశీలించి, తుడిపించుటకు మారుగా మేనల్లునకు చిత్రలేఖనము నేర్ప నారంభించెను. ఆయన తంజావూరు పద్ధతి నెరిగిన చిత్రకారుడు. ఆ పద్ధతిలో దేవతామూర్తి మనకు ఎదురుగా నిలిచియుండును. బంగారు రేకులు, గాజుపూసలు పొదిగిన ఆభరణములు మెఱయుచుండును. వెలుగు ఏ దిక్కునుండి పడుచున్నదను ప్రశ్నయే యుండదు. అది పూజకొఱకు ఏర్పడిన చిత్రము.

పదునాలుగవ యేట రవివర్మ మేనమామతో కూడ తిరువనంతపురమునకు పోయి, ఆయిల్యం తిరునాళ్ మహారాజు ఆస్థానమున ప్రవేశించెను. తైలవర్ణ చిత్రము లనగా నేమో ఆయన యచటనే చూచెను. నూనెతో కలిపిన రంగు తొందరగా ఆరిపోదు. ఒక రంగులోనికి మఱియొక రంగును మెల్లగా కలుపవచ్చును. అందుచేత చెక్కిలి గుండ్రన, పట్టు మిసమిస, నీటి కదలిక, నీడలోని చల్లదనము అన్నియు కంటి కెదుట నున్నట్లే తోచును. కాని ఆ విద్యను నేర్పువారు కరవైరి. ఆస్థానమునందలి రామస్వామి నాయకర్ అను చిత్రకారుడు ఈ యువకుని తెలివిని కనిపెట్టి, తనకు పోటీ యగునను భయముతో నేర్పుటకు నిరాకరించెను. ఆయన శిష్యుడైన ఆరుముగం పిళ్ల మాత్రము రాత్రివేళ రహస్యముగా వచ్చి తనకు తెలిసినంత చెప్పెను. 1868లో థియొడోర్ జెన్సన్ అను ఐరోపా చిత్రకారుడు మహారాజు చిత్రము వ్రాయుటకు వచ్చెను. అతడును నేర్పుట కంగీకరింపక, తాను వ్రాయుచుండగా చూచుటకు మాత్రము అనుమతించెను. రవివర్మ కది చాలెను. ఏ రంగు ముందు, ఏ రంగు వెనుక, కుంచె ఎంత తడి, చేయి ఎంత వేగము అని కన్నులతోనే పాఠము చదివి, తన గదికి పోయి వానిని అభ్యసించెను. తప్పిన చోట్ల సొంతముగా దారి వెదకుకొనెను. గురువులు తలుపు వేసిన ఇంటిలోనికి కిటికీనుండి చూచి విద్య నేర్చిన శిష్యుడని ఆయనను చెప్పవచ్చును.

ఆయన మూకాంబికా క్షేత్రమునకు పోయి నలువది యొక్క దినములు దేవిని సేవించి వచ్చెను. మరలివచ్చుచుండగా, 1870లో, తొలిసారి ధనము పుచ్చుకొని చిత్రము వ్రాయుట సంభవించినది. రాజకుటుంబముతో బంధుత్వముగలవాడు కూలి పుచ్చుకొని బొమ్మలు వ్రాయుటను ఆనాడు కొందరు గౌరవహానిగా నెంచిరి. ఆయన దానిని లెక్కచేయలేదు. 1873లో మద్రాసున జరిగిన చిత్రప్రదర్శనమున, మల్లెదండను సిగలో ముడుచుకొనుచున్న నాయరు స్త్రీ చిత్రమునకు ఆయనకు బంగారు పతకము లభించెను. 1876లో శకుంతల ప్రేమలేఖ వ్రాయుచున్నట్లు చిత్రించిన పటమును మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు కొనెను. కాళిదాసు నాటకమును ఆంగ్లమున ననువదించిన మోనియర్ విలియమ్స్ తన గ్రంథపు తరువాతి ముద్రణమున ముఖచిత్రముగా దానినే వేసికొనెను.

ఇచ్చట కొంత ఆగి, ఆయన తలపెట్టిన పనిలోని చిక్కును తెలిసికొనవలెను. పురాణకథకు పైకి కనిపించు అర్థమొకటి. లోపల నిమిడియుండు అర్థము మఱియొకటి. సీత యను పదమునకు నాగటిచాలని యర్థము. జనకుడు భూమిని దున్నుచుండగా చాలునందు దొరకిన బిడ్డ ఆమె. తుదకు భూమిలోనికే పోవును. కథగా చూచిన ఆమె ఒక రాచబిడ్డ, కష్టములు పడిన ఇల్లాలు. సంకేతముగా చూచిన ఆమె దున్నిన నేలయే. లక్ష్మి విషయము నట్టిదే. ఆమె కిరుప్రక్కల నీరు పోయు ఏనుగులు మేఘములకు గురుతు. వాన లేనిచో పంట లేదు, పంట లేనిచో సిరి లేదు. ఆమె నిలిచిన తామర బురదలో పుట్టియు బురద అంటనిది. పూర్వపు శిల్పులు ఈ లోపలి యర్థమునే ముందుగా తలచిరి. అందుచేతనే నాలుగు చేతులు, ఆయుధములు, వాహనములు, ముద్రలు ఏర్పడినవి. శిల్పశాస్త్రములో మూర్తికి కొలతలు విధించిరి గాని, ఆ మూర్తి మన వీధిలోని ఫలానా మనిషివలె నుండవలెనని విధింపలేదు. గుడిలోని విగ్రహము ఎవరిని పోలియున్నదని భక్తుడు అడుగడు.

తైలవర్ణము స్వభావము దీనికి వ్యతిరేకమైనది. అది రక్తమాంసములుగల మనిషిని చూపును. ఆ రంగులతో సీతను వ్రాసినచో ఆమె ఒక ఊరి స్త్రీగానో ఒక జాతి స్త్రీగానో కనిపించి తీరును. మనిషివలె నున్న రూపమునకు నాలుగు చేతులు తగిలించినచో వింతగా తోచును. తీసివేసినచో దేవత దేవతవలె నుండదు. సంకేతమును మనిషియు ఒకే దేహములో ఇమిడియుండునట్లు చేయుటెట్లు? రవివర్మ జీవితమంతయు ఈ ప్రశ్న చుట్టును తిరిగినదనుట తప్పు గాదు.

1880లో ఆయన వ్రాసిన సీతా భూప్రవేశమును చూచిన ఆయన వెదకిన దారి కొంత తెలియును. భూదేవి సీతను చేరదీసికొని క్రిందికి దిగిపోవుచున్నది. రాముడు ఆపబోయినట్లు చేయి చాచియున్నాడు. ఈ చిత్రములో సంకేతము నాలుగు చేతులలో లేదు. ఒక తల్లి బిడ్డను దగ్గరకు తీసికొనుటలో నున్నది. రాజ్యమంతయు చూచుచుండగా పుట్టింటికి పోవుచున్న కూతురి కథగా దానిని పామరుడును గ్రహింపగలడు. ఈ పటము బరోడా మహారాజు కొఱకు కొనబడినది. కొనిపించినవాడు బరోడా దివాను తంజావూరు మాధవరావు. ఆయన పూర్వము తిరువాన్కూరునకును దివానుగా నుండెను గనుక రవివర్మ శక్తిని ఎరిగియుండెను. ఆ సంవత్సరమే ఆయిల్యం తిరునాళ్ మహారాజు మరణించుటయు, క్రొత్త మహారాజు ఆదరము తగ్గుటయు సంభవించినందున రవివర్మ స్వస్థలమును విడిచి పరసంస్థానములకు పోవలసి వచ్చెను. 1881లో సయాజీరావు గాయక్వాడు బరోడా పరిపాలనాధికారమును వహించినపుడు రవివర్మ యచటికి పోయెను.

కొన్ని యేండ్ల తరువాత గాయక్వాడు తన క్రొత్త రాజప్రాసాదము కొఱకు పదునాలుగు పురాణచిత్రములు కావలెనని కోరెను. అప్పుడు రవివర్మకు పై చిక్కు మఱియొక రూపమున ఎదురయ్యెను. సుభద్ర ఏ చీర కట్టవలెను? దమయంతి ఏ నగలు పెట్టవలెను? మలయాళ స్త్రీ తెల్లని ముండు ధరించును. ఉత్తరదేశపు స్త్రీ పావడ, ఓణీ ధరించును. తెలుగు స్త్రీ కట్టు వేరు, మరాఠీ స్త్రీ కట్టు వేరు. రామాయణ భారతములు అందరివి. ఒక్కరి వేషము వేసినచో మిగిలినవారికి ఆమె పరాయిదగును. ఆయన తమ్ముడైన సి. రాజరాజవర్మను వెంటబెట్టుకొని ఉత్తర భారతమంతయు పర్యటించెను. పురాణకాలపు వేషము ఎచటనైన మిగిలియుండునేమో యని వెదకెను. అట్టిది దొరకలేదు, ప్రాంతమునకొక తీరు మాత్రమే కనబడెను. తుదకు ఆయన చీరనే ఎన్నుకొనెను. మరాఠీ కట్టును, దక్షిణదేశపు నగలను, తాను చూచిన ఇతర తీరులను కలిపి ఒక వేషమును కూర్చెను. ఏ ప్రాంతమున నిలిచి చూచినను ఆ స్త్రీ మనదే యనిపించును గాని, నిజమునకు ఆమె యే ఒక్క ఊరిదియు కాదు. ఈ నాటికి మన వీధినాటకములలోను, చలనచిత్రములలోను, గోడపటములలోను పురాణస్త్రీకి చీర కట్టించుచున్నారన్నచో, దాని వెనుక ఆ ప్రయాణమున్నది.

ఆ కాలముననే ఆయన గాయనీమణుల సమూహమును చిత్రించెను. దేశములోని వేర్వేరు ప్రాంతములకు, మతములకు చెందిన పదునొకండుగురు స్త్రీలు తమ తమ వేషములలో, తమ తమ వాద్యములతో ఒకచోట చేరియున్నారు. ఇది పురాణము కాదు. దేశమనగా నేమో మాటలతో చెప్పక బొమ్మతో చెప్పిన చిత్రము.

బరోడా చిత్రములు పూర్తియైన పిమ్మట వానిని బొంబాయిలో ప్రదర్శింపగా జనులు గుంపులు గుంపులుగా వచ్చి చూచిరి. నలదమయంతులు, విశ్వామిత్ర మేనకలు, శిశువును పట్టుకొని నీటిలోనికి నడచుచున్న గంగ, వెనుకనుండి చూచుచున్న శంతనుడు, ఇట్టి దృశ్యములు వినియున్నవారే గాని కన్నవారు లేరు. 1893లో అమెరికాలోని చికాగో నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమునకు ఆయన పది చిత్రములను పంపి పతకములను పొందెను. అయినను రాజభవనములోనికి పోయిన చిత్రమును సామాన్యుడు మరల చూడలేడు. చిత్రములను అచ్చువేయించి అందరికి అందజేయుమని మాధవరావు పూర్వమే సలహా యిచ్చియుండెను. ఆ మాట రవివర్మ మనస్సున నాటుకొనియుండెను.

1894లో బొంబాయి ప్రాంతమున ఆయన ముద్రణాలయమును స్థాపించెను. యంత్రములు జర్మనీనుండి వచ్చినవి. పనివారిలో జర్మనులును గలరు. ఆ ముద్రణపు తీరు విచిత్రమైనది. నున్నగా చేసిన ఒక జాతి సున్నపురాతిమీద జిడ్డు సిరాతో బొమ్మ గీయుదురు. తరువాత రాతిని నీటితో తడుపుదురు. జిడ్డున్నచోట నీరు నిలువదు. నీరున్నచోట సిరా అంటదు. ఆ రాతిపై సిరా పూసి కాగిత మొత్తినచో బొమ్మ దిగును. కాని ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి కావలెను. చెక్కిలి ఎరుపునకు ఒకటి, చీర అంచునకు ఒకటి, ఆకాశపు నీలిమకు ఒకటి, ఇట్లు అనేకములైన రాళ్లమీద అదే కాగితమును వెండ్రుకవాసి తప్పకుండ మరల మరల ఒత్తవలెను. ఎచట తప్పినను దేవి పెదవి చెక్కిలిమీదికి జరిగిపోవును. మొట్టమొదట అచ్చైనది శకుంతలా జననమను చిత్రము. తరువాత లక్ష్మి, సరస్వతి వెలువడిరి. సరస్వతి తెల్లని చీర ధరించి, ఒడిలో వీణ నుంచుకొని, నీటియొడ్డున రాతిపై కూర్చుండును. చేతులలో గ్రంథమును అక్షమాలయు, చెంతనే నెమలియు నుండును. మానవరూపమునకు నాలుగు చేతులు తగిలించుట వింతగా తోచునేమో యను శంక ఇచ్చట తీరిపోయినది. వీణ మీటుటకు రెండు, గ్రంథమునకు ఒకటి, మాలకు ఒకటి. ప్రతి చేతికిని పని యున్నది గనుక ఏ చేయియు అదనముగా తోపదు.

ఈ పటములు ఎవరి యిండ్లకు చేరినవో తలచుకొనవలెను. రవివర్మ పుట్టిన తిరువాన్కూరులోనే ఆనాడు అంటరానివారని వెలివేయబడిన లక్షలాది జనులకు గుడి ద్వారమును దాట నర్హత లేకుండెను. వారికి దేవాలయ ప్రవేశము కలుగుట 1936లో, ఆయన చనిపోయిన ముప్పది యేండ్లకు. గుడిలోని మూర్తి ఎట్లుండునో చూడనోచని మనిషి కొద్దిపాటి డబ్బుతో అంగడిలో ఒక దేవతామూర్తిని కొని, తన గుడిసెలో దీపము పెట్టుకొనగలిగెను. కాగితముపై దిగిన దేవత కొనువాని కులమడుగలేదు. రవివర్మ ఈ ఉద్దేశముతోనే ముద్రణాలయమును పెట్టెనని చెప్పలేము. ఆయన రాజకుటుంబముల నడుమ తిరిగినవాడు, వ్యాపారముగా కూడ దానిని తలపెట్టినవాడు. ఉద్దేశ మేదైనను జరిగిన పని మాత్రమిది.

వ్యాపారముగా చూచినచో ఆ ముద్రణాలయము ఆయనకు సుఖమీయలేదు. 1896 తరువాత బొంబాయిలో మహామారి వ్యాపించినది. పనివారు చెదరిపోయిరి. ముద్రణాలయమును లోనావ్లా దాపునగల మళవలికి తరలింపవలసి వచ్చెను. అప్పులు పెరిగినవి. రాజులకొఱకు చిత్రములు వ్రాసి సంపాదించిన ధనము రాళ్లకును యంత్రములకును పోవుచుండెను. తుదకు దానిని తన వద్ద పనిచేయుచుండిన ఫ్రిట్జ్ ష్లైకర్ అను జర్మను నిపుణునకు, చిత్రములను అచ్చువేయు హక్కుతో కూడ అమ్మివేసెను. అటుపిమ్మట ఆయన బొమ్మలు అగ్గిపెట్టెలమీదను, బట్టల తానులమీదను, మందుల ప్రకటనలమీదను వెలసినవి. భారతీయ చలనచిత్రములకు ఆద్యుడని పేరొందిన దాదాసాహెబు ఫాల్కే కొంతకాలము ఈ ముద్రణాలయమునకు సంబంధించిన పని చేసినవాడే. 1913లో ఆయన తీసిన రాజా హరిశ్చంద్రలో పాత్రలు నిలుచు తీరు, వేషములు చూచినవారికి రవివర్మ పటములు జ్ఞప్తికి రాకపోవు.

కష్టములలో నున్నను ఆయన చేయి మందగించలేదు. 1899లో వ్రాసిన హంస దమయంతి అందరికి తెలిసినది. దమయంతి నిలిచియుండగా ఎదుట హంస నలుని గూర్చి చెప్పుచున్నది. శ్రీనాథుని శృంగార నైషధము చదివిన తెలుగువానికి ఈ ఘట్టము క్రొత్త గాదు. హంస పాలను నీటిని వేరుచేయునని ప్రసిద్ధి. కావుననే వివేకమునకు అది గురుతు. ఎన్నడు చూడని పురుషుని వరింపబోవు కన్యకు దూతగా కవులు చిలుకనో కాకినో పంపక హంసనే పంపుటలో నొక యర్థమున్నది. రవివర్మ చిత్రములో హంస కేవలము పక్షియే. దానికి కిరీటములేదు, మనిషి నోరులేదు. వినుచున్న దమయంతి ముఖమును చూచియే ఆ పక్షి మాటలాడుచున్నదని మనము నమ్ముదుము.

ఆయన మరణించిన కొలదికాలమునకే ఆయన చిత్రములపై తీవ్రమైన విమర్శ బయలుదేరెను. ఆనంద కుమారస్వామి, సోదరి నివేదిత మొదలగువారు అందు ముఖ్యులు. ఈ దేవతలు నాటకపు పాత్రలవలె నున్నారనియు, ఐరోపా పద్ధతి నవలంబించుటవలన భారతీయ శిల్పములోని లోపలి యర్థము నశించినదనియు వారి యాక్షేపణ. శకుంతల నేలపై బోరగిల పడుకొని జాబు వ్రాయుటను నివేదిత మెచ్చలేదు. ఆమె మెచ్చినది అవనీంద్రనాథ ఠాకూరు 1905లో వ్రాసిన భారతమాత. అందు కాషాయవస్త్రము ధరించిన సన్యాసిని నాలుగు చేతులలో వరికంకులు, తెల్లని వస్త్రము, తాళపత్ర గ్రంథము, జపమాల యున్నవి. అన్నము, బట్ట, విద్య, దైవచింతనము అని చూచినవెంటనే తెలియును. అది మొదలు చివరవరకు సంకేతమే. విమర్శకుల మాటలో సత్యము లేకపోలేదు. రవివర్మ దేవతలలో కొందరు మరీ మన పొరుగింటివారివలె నుందురు. కొన్ని చిత్రములలో తెర తీసినప్పటి నాటకపు బిగువు కనిపించును. కాని ఆ భారతమాత ఎదుట దీపము పెట్టిన పల్లెటూరి యిల్లాండ్రు ఎందరు? రవివర్మ లక్ష్మి యెదుట శుక్రవారము పెట్టని యిండ్లు ఎన్ని? ఈ రెండవ లెక్కను ఆ విమర్శకులు తీసికొనలేదు.

1904లో ఆంగ్లప్రభుత్వము ఆయనకు కైసర్-ఇ-హింద్ పతకము నిచ్చి గౌరవించెను. 1905 ఆరంభమున తమ్ముడు రాజరాజవర్మ మరణించెను. ఆ తమ్ముడు స్వయముగా మంచి చిత్రకారుడు. అన్నతో ఊరూర తిరిగి, ఆయన చిత్రములలో ప్రకృతి దృశ్యములను నింపి, ఉత్తరప్రత్యుత్తరములు నడపి, దినచర్య వ్రాసియుంచినవాడు. ఆయన లేని లోటుతో రవివర్మ ఒంటరియై, దేహమున మధుమేహ బాధ ముదురుచున్నను మైసూరు మహారాజు కోరిన పురాణచిత్రములను సాగించెను. 1906వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన, తాను బాల్యమున బొగ్గుతో గోడలు నలుపుచేసిన కిళిమానూరులోనే, ఏబదియెనిమిదవ యేట ఆయన కన్నుమూసెను.

మళవలిలోని ముద్రణాలయము ఇతరుల చేతులలో మఱి కొన్ని దశాబ్దములు నడచి, 1972లో అగ్నిప్రమాదమున చాలవరకు దగ్ధమైపోయెను. 1979లో భారత ప్రభుత్వము రవివర్మ చిత్రములను జాతీయ కళానిధులుగా ప్రకటించినది. అప్పటినుండి వానిని దేశము దాటించి అమ్మరాదు. సంతలలో దొరకు లక్ష్మీ సరస్వతుల పటములకు అట్టి నిషేధమేదియు లేదు.